ఊదినవాడిదే తప్పు

నేను ఒక ఊపిరి మెషీన్ని. పొద్దున్నే బస్సు తీసే ముందు డ్రైవర్లు నా గొట్టంలోకి ఊదుతారు, వాళ్ళు తాగారో లేదో నేను చెబుతాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. మాటలు రావు. మూడంకెలు వస్తాయి, ఒక కూత వస్తుంది. అరచేతిలో ఇమిడిపోతాను. తేలు కూడా ఇమిడిపోతుంది.

నేనుండే ఊరి పేరు, బస్సుల కంపెనీ పేరు చెప్పను. చెబితే పరువు నష్టం కేసు వేస్తారు, వేస్తే సాక్ష్యానికి మళ్ళీ నన్నే పట్టుకెళ్తారు. ఒకసారి వెళ్ళొచ్చాను. చాలు. విజయనగరం అవతల, ఒడిశా కొండలు కనబడే చోట ఒక డిపో అనుకోండి.

నేను పుట్టింది తెల్లటి గదిలో. అక్కడి మనుషులకి మొహాలు ఉండవు, మాస్కులు ఉంటాయి. పుట్టిన పిల్లలకి తేనె నాకిస్తారని విన్నాను. నాకు సారా ఆవిరి పట్టించారు. ఇది గుర్తు పెట్టుకో, ఇంకేదీ గుర్తు పెట్టుకోకు అని దాని అర్థం. తర్వాత నా వీపు మీద ఒక సర్టిఫికెట్ అంటించారు. మనిషికి ఇరవయ్యేళ్ళు చదివితే గానీ రాని కాగితం నాకు ఇరవై నిమిషాల్లో వచ్చింది.

నాతో పాటు పెట్టెలో ఒక పుస్తకం కూడా వచ్చింది. పదకొండు భాషల్లో ఉంది, తెలుగు తప్ప. అందులో ముప్పై ఏడో పేజీలో చీమ తలకాయంత అక్షరాలతో ఒక హెచ్చరిక: గొట్టాన్ని స్పిరిట్ కలిసిన వాటితో తుడవరాదు. డిపోలో దిగిన మూడో రోజున ఆ పుస్తకం కంట్రోలరు గదిలో బల్ల కోడు కిందకి చేరింది. బల్ల ఊగడం మానేసింది. ఆ పుస్తకం వల్ల లోకానికి జరిగిన మేలు అంతే.

నన్ను పట్టుకునే సెక్యూరిటీ గార్డు పేరు తవిటన్న. యాభై ఎనిమిదేళ్ళు, తెల్ల మీసం, ఖాకీ మీద ఎప్పుడూ ఒక ఎర్ర తువ్వాలు. తెల్లవారుజామున ఐదింటికి డ్రైవర్లు వరసలో నిలబడితే, ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో పేపర్ని పట్టుకుని నిలబడేవాడు. వరస కదులుతున్నంతసేపూ లోకం గురించి గట్టిగా చదివి తీర్పులు చెప్పేవాడు.

“సెందురుడి మీద నీళ్ళున్నాయట్రా. మన డిపో కుళాయిలో నేవు గానీ, అక్కడున్నాయట.”

“కోర్టుల్లో ఇకమీదట కంప్యూటరు తీర్పులు రాస్తాదట.”

“మరి వాయిదాలెవులేత్తారు మావా?” అని వరసలోంచి ఎవరో అనేవాళ్ళు.

“డ్రైవరు నేని బస్సొచ్చేస్తాదట.”

“అప్పుడీ గొట్టం బస్సు పొగ్గొట్టానికి పెడతావేటి?”

అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు సరిగ్గా నా ముందుకి వచ్చేదాకా ఉండేది. నన్ను నోట్లో పెట్టుకునే క్షణంలో పాతికేళ్ళ సర్వీసున్న వాళ్ళ ఊపిరి కూడా వణికేది. రాత్రి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగని వాడికి కూడా, ఒకవేళ తాగానేమో అని అనుమానం వచ్చేది. నాకు మొదట్లో ఇది సరదాగా ఉండేది. అబద్ధమెందుకు, చాలా సరదాగా ఉండేది. అంకె వెయ్యడానికి నాకు మూడు సెకన్లు చాలు. కావాలని ఐదు తీసుకునేదాన్ని.

ముప్పై లోపు వస్తే పచ్చ లైటు. దాటితే ఎర్ర లైటు, కూత. కూత వినబడితే ఆ డ్రైవరు ఆ రోజు బస్సు ఎక్కడు. పర్మనెంటు వాడైతే సస్పెన్షను. టెంపరరీ వాడైతే ఇంటికే.

గొట్టాల సంగతి కూడా చెప్పాలి. మనిషికొక కొత్త గొట్టం పెట్టాలని నన్ను చేసినవాళ్ళ ఉద్దేశం. వాళ్ళిచ్చిన వంద గొట్టాలూ రెండో రోజుకే అయిపోయాయి. ఇంకా పంపమని పెట్టిన కాగితం ఏ ఆఫీసుకి వెళ్ళిందో, అక్కడి నుంచి ఏ ఆఫీసుకి వెళ్ళిందో, ఇప్పటికి భూమిని రెండుసార్లు చుట్టి ఉంటుంది. దాంతో అరవై నాలుగు మందికీ ఒక్కటే గొట్టం. ఒకడు ఊదాక తవిటన్న ఎర్ర తువ్వాలుతో తుడిచి ఇంకొకడికి ఇచ్చేవాడు. చుట్ట, ఉల్లిపాయ, ఎండు చేప, పుచ్చిపోయిన పన్ను, అన్నీ ఒకరివి ఒకరికి చేరేవి. ఎవరూ కాదనలేదు.

కార్తీకం వచ్చింది. దాలినాయుడు అయ్యప్ప మాల వేసుకున్నాడు.

దాలినాయుడు పదకొండేళ్ళుగా టెంపరరీ డ్రైవరు. కొండ రూట్లో నడిపేవాడు. బస్సు కింద కోడిపిల్ల కూడా పడలేదు. తాగుడు అలవాటు లేదు. ఎంత లేదంటే, పెళ్ళిళ్ళలో స్నేహితులు ఇతన్ని చెప్పులకి కాపలా పెట్టేవాళ్ళు. జనవరిలో పర్మనెంటు చేసే లిస్టులో అతని పేరు మూడోది. జనవరి దాకా అతని మీద ఒక్క మచ్చ పడకూడదు, అదే షరతు. ఆర్డరు చేతికొస్తే కొండకొస్తానని మొక్కుకుని, ముందే మాల వేసుకున్నాడు.

మాలలో ఉన్నవాళ్ళని పేరు పెట్టి పిలవరు. నిన్నటిదాకా “ఒరే దాలీ” అన్న తవిటన్న ఆ రోజు రెండు చేతులూ జోడించి “రండి స్వామీ” అన్నాడు. నన్ను అందివ్వబోయి ఆగాడు.

“ఇంతమంది ఎంగిలి గొట్టం స్వామి నోట్లో ఎలగెడతాను? పాపం కాదేటి?”

“పరవానేదు స్వామీ,” అన్నాడు దాలినాయుడు.

“నీకు పరవానేదు. నాకున్నాది.”

లోపలికి వెళ్ళి, కరోనా రోజుల్లో కంపెనీ పంపిన శానిటైజరు డబ్బా తెచ్చాడు. ఐదు లీటర్లది, సగం మిగిలి ఉంది. మూత తియ్యగానే నాకు నా పుట్టిల్లు గుర్తొచ్చింది. పుట్టగానే నాకు పట్టించిన వాసన అదే. తవిటన్న గొట్టాన్ని దాంతో కడిగాడు. లోపల కూడా పోశాడు. దులిపాడు. కళ్ళకద్దుకుని మరీ దాలినాయుడి చేతికిచ్చాడు.

దాలినాయుడు ఊదాడు. నేను ఆ రోజు ఐదు సెకన్లు తీసుకోలేదు. 064. కూశాను.

వరసలో వెనకున్నవాళ్ళు మెడలు చాచి నా అంకె చూశారు.

“మెసీను తప్పు సూపించినాది స్వామీ,” అన్నాడు తవిటన్న. “ఎవుడి ఎంగిలో ఇంకా ఉండిపోనాది. ఉండండి.”

మళ్ళీ కడిగాడు. ఈసారి భక్తి ఎక్కువైంది. 097. ఇంకోసారి కడిగాడు. గొట్టం చివర చుక్క వేలాడుతోంది. 141.

అంటే, చెప్పుల్లేని కాళ్ళతో, నల్ల బట్టలతో, నా ముందు నుంచి ఒక్క అడుగు కదలకుండా, పదకొండు నిమిషాల్లో దాలినాయుడు దాదాపు ఒక సీసా ఖాళీ చేశాడన్న మాట. నేను చెప్పిన దాని ప్రకారం అంతే.

ఇక్కడ నా మాట ఒకటి వినండి. నేను అబద్ధం చెప్పలేదు. గొట్టంలో సారా ఉంది, ఉంది అన్నాను. అది ఎవరిదని నన్నెవరూ అడగలేదు. అడిగినా నా దగ్గర ఉన్నవి మూడంకెలే.

దాలినాయుడు కాసేపు నా మొహం చూశాడు. తర్వాత తవిటన్న దగ్గరికి జరిగి నోరు తెరిచాడు.

“మావా, నువ్వు వాసన సూడు. నీ ముక్కుతో సూసి సెప్పు.”

అప్పుడతనికి స్వామీ అనడం గుర్తు లేదు. తవిటన్న వంగి వాసన చూశాడు. తులసి, కర్పూరం. ఇంకేమీ లేదు. నాకు తెలుసు, ఎందుకంటే మధ్యలో నేనున్నాను.

“ఏటీ నేదు,” అన్నాడు తవిటన్న మెల్లగా. తర్వాత నా వీపు మీది కాగితం చూశాడు. “గానీ నా ముక్కుకి సర్టిఫికెట్టు నేదు కదా స్వామీ.”

డిపో మేనేజరు హైమవతి మేడమ్ మంచి మనిషి. ఎవర్నీ ఊరికే అనదు. రూలు ఏది చెబితే అది చేస్తుంది. ఆవిడ ఎంత ఇబ్బంది పడిందంటే, కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పింది.

“స్వామీ, మీరు తాగేసి ఉన్నారు. దయచేసి ఇంటికెళ్ళండి స్వామీ. రేపట్నించి రావద్దు.”

“మాతా, నాను తాగనేదు.”

“మాతా అనకండి, మేడమ్ అనండి. డ్యూటీలో ఉన్నారు.” ఒక్క క్షణం ఆగి, “లేరనుకోండి ఇప్పుడు,” అంది.

అతను లోపల ఉండగానే గొట్టం ఆరింది, వెనకవాళ్ళందరికీ పచ్చ లైటే. మర్నాడు పేపర్లో నా ఫోటో వచ్చింది. దాలినాయుడిది కూడా వచ్చింది, కానీ నాది పెద్దది. సాయంత్రానికి టీవీలో నలుగురు కూర్చున్నారు. ఒక సైన్సు ఆయన, ఉపవాసం ఉంటే కడుపులోనే సారా తయారయ్యే అవకాశం కొట్టిపారెయ్యలేం అన్నాడు. ఒక చట్టం ఆయన, అలా తయారైతే అబ్కారీ శాఖ లైసెన్సు తీసుకోవాలా వద్దా అన్నది ఇంకా తేలలేదన్నాడు. మూడో ఆయన భక్తి తగ్గిపోతోందన్నాడు. నాలుగో ఆయన మొదటి ముగ్గురినీ మాట్లాడనివ్వలేదు. డిపోలో ఆ వారం మాల వేసుకోవలసిన మిగతా ముగ్గురు డ్రైవర్లూ ఆ రాత్రే సెలవు చీటీలు రాసేశారు, నలభై ఒక్క రోజులకి. శానిటైజరు డబ్బా మళ్ళీ బీరువా వెనక్కి వెళ్ళిపోయింది.

మూడో రోజు గురుస్వామి దాలినాయుడి ఇంటికి వెళ్ళి మాల తీసేశాడని వరసలో అనుకున్నారు. దాలినాయుడు మెడ వంచాడట, అంతే.

విచారణకి హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. “మెషీన్ సరిగా ఉందో లేదో ముందు నేనే చూస్తాను,” అన్నాడు. న్యాయంగా ఆలోచించేవాడు. తవిటన్న గొట్టాన్ని తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. ఆయన స్వామి కాదు కదా, ఎంగిలి పట్టింపు ఎందుకు? 000. హైమవతి మేడమ్ ఊదింది, 000. నన్ను లాబుకి పంపారు. అక్కడ మళ్ళీ నా పుట్టింటి ఆవిరి పట్టారు, నేను కరెక్టుగా చెప్పాను. ఇంకో సర్టిఫికెట్ అంటించారు. నేనెంత సరైనదాన్నో తేలేకొద్దీ దాలినాయుడు అంత తాగుబోతయ్యాడు. లిస్టులో మూడో పేరు కొట్టేశారు. నాలుగో పేరు మూడోదైంది.

అతను లేబర్ కోర్టుకి వెళ్ళాడు. లేబర్ కోర్టు గురించి నేను చెప్పేదేమీ లేదు. ఏడాది గడిచింది, అంతే. ఆ ఏడాది దాలినాయుడు ఇటుక బట్టీలో మట్టి తొక్కాడు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఈసారి తవిటన్న మాల వేసుకున్నాడు. జీవితంలో మొదటిసారి.

“ఎందుకు స్వామీ, ఈ వయసులో?” అని అడిగింది హైమవతి మేడమ్.

“దాలిగాడి ఉజ్జోగం ఆడికొచ్చీయాలని మొక్కినానమ్మా.”

అప్పటికి కొత్త రూలొకటి వచ్చింది. డ్రైవర్ల కన్నా ముందు గార్డు కూడా ఊదాలి. తెల్లారి ఎవరూ రాకముందే తవిటన్న నన్ను తీశాడు. గొట్టం చూశాడు. నిన్నంతా అరవై నాలుగు మంది నోళ్ళలో తిరిగిన గొట్టం. బీరువా వెనకనుంచి డబ్బా తీసి, శుభ్రంగా కడిగి, ఊదాడు.

088. కూశాను.

తవిటన్న చుట్టూ చూశాడు. తనలో తనే, “నీళ్ళే కదా తాగినాను,” అన్నాడు. మళ్ళీ కడగబోయి ఆగిపోయాడు. చేతిలో డబ్బా వైపు చూశాడు. మూత దగ్గర ముక్కు పెట్టాడు. పెట్టిన ముక్కు తియ్యలేదు చాలాసేపు. తర్వాత గొట్టాన్ని పొడి తువ్వాలుతో తుడిచి, తుడిచి, ఫ్యాను కింద పెట్టి, ఒక పావుగంట ఆగి ఊదాడు.

000.

తవిటన్న కుర్చీలో కూర్చోలేదు, నేల మీద కూలబడ్డాడు. “నానే,” అన్నాడు. “ఓలమ్మో, నా సేతుల్తో నానే.”

అతను నోరు మూసుకుని ఉండిపోవచ్చు. కాంట్రాక్టు ఏజెన్సీ పెట్టిన గార్డు. నిజం చెబితే మొదట పోయేది తన ఉద్యోగం. మనుషుల్ని నేను ఊపిరితోనే చూశాను. భయపడ్డ ఊపిరి ఎటు వెళ్తుందో నాకు తెలుసు. కానీ ఆ శుక్రవారం తవిటన్న డబ్బాని గోనెసంచిలో పెట్టుకుని కోర్టుకి వచ్చాడు. నన్ను అట్టపెట్టెలో కంపెనీ లాయరు తెచ్చాడు.

దాలినాయుడు వెనక బల్ల మీద కూర్చున్నాడు. గోళ్ళ చుట్టూ మట్టి. బోనులో తవిటన్న, నల్ల పంచె, మెడలో మాల. జరిగిందంతా చెప్పాడు. ఎంగిలి గురించి చెప్పాడు. కడగడం గురించి చెప్పాడు. “ఆడు తాగనేదు బావూ. తాగింది ఆ గొట్టం. తాగించింది నాను.”

జడ్జి గారు శ్రద్ధగా విన్నారు. “చేసి చూపించగలరా?” అని అడిగారు.

“ఇప్పుడే సూపిస్తాను బావూ.”

నన్ను పెట్టెలోంచి తీశారు. మొదట పొడి గొట్టంతో ఊదాడు, 000. హాల్లో గుసగుసలు. తర్వాత డబ్బా మూత తీసి, ఆ రోజు కడిగినట్టే కడిగి, దులిపి, కళ్ళకద్దుకుని ఊదాడు.

126. అంత గట్టిగా నేనెప్పుడూ కూయలేదు. ఆ కూత నా వంతు సాక్ష్యం. ఇప్పుడు అందరికీ అర్థమవుతుంది, ఇక అయిపోయింది అనుకున్నాను.

“సూసినారా బావూ!” తవిటన్న కళ్ళలో నీళ్ళు. “పొద్దున్నించి నాను తులసి నీళ్ళే తాగినాను!”

కంపెనీ లాయరు నెమ్మదిగా లేచాడు. తొందర పడే మనిషి కాదు.

“ఈ మెషీన్ని విచారణప్పుడే లాబులో పరీక్షించారు. రెండు సర్టిఫికెట్లున్నాయి. అది ఇప్పుడు సాక్షికి నూట ఇరవై ఆరు చూపిస్తోంది. సాక్షి తాగి బోనెక్కాడు. ఈ మాట నేననడం లేదు, మెషీనంటోంది. తాగినవాడి సాక్ష్యం ఎంతవరకు తీసుకోవాలో కోర్టు వారికి నేను చెప్పేంతవాణ్ణి కాదు.”

“మొదట సున్నా వచ్చింది కదండీ!” దాలినాయుడి లాయరమ్మ అరిచింది. “అది డబ్బాలోది!”

“డబ్బాలో ఏముందో చెప్పే కాగితం ఉందా?”

డబ్బా మీద కాగితం ఎప్పుడో ఊడిపోయింది.

జడ్జి గారు కళ్ళద్దాలు తీశారు. “తాగలేదని మనందరికీ తెలిసిన వారెవరైనా ఒకరు, ఇదే గొట్టం కడిగి ఊదండి. తేలిపోతుంది,” అన్నారు. ఆ మాట సరైన మాట. అంత సరైన మాట ఆ ఏడాదిలో ఎవరూ అనలేదు.

“నానూదుతానండి,” అన్నాడు దాలినాయుడు.

“ఆయన మీదే కదండీ ఆరోపణ,” అన్నాడు లాయరు.

లాయరమ్మ ముందుకొచ్చింది. “మీరు వకీలు, సాక్షి కాదు,” అన్నారు జడ్జి గారు. తర్వాత హాలు వైపు చూశారు. గుమస్తా తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. హైమవతి మేడమ్ పర్సులో ఏదో వెతకడం మొదలుపెట్టింది. బంట్రోతు తలుపు దగ్గరికి జరిగాడు. జడ్జి గారి చూపు ఆఖరుకి నా మీదకే వచ్చి ఆగింది. ఆయన కూడా చెయ్యి చాపలేదు.

ఆ హాల్లో నలభై మంది ఉన్నారు. తవిటన్న చెప్పింది నిజమని నలభై మందికీ ఆ క్షణంలో తెలిసింది. తెలిసింది కాబట్టే ఎవరూ కదల్లేదు. ఊదితే నేను కూస్తానని, కూస్తే ఎవరు చెప్పినా ఎవరూ వినరని వాళ్ళకి తెలుసు.

మధ్యాహ్నం తీర్పు వచ్చింది. పన్నెండు వాక్యాలు. యంత్రాన్ని ఎదురు ప్రశ్నలు అడిగే ఏర్పాటు చట్టంలో లేదు. సర్టిఫికెట్ ఉన్న ఆధారానికీ, సర్టిఫికెట్ లేని డబ్బాకీ మధ్య కోర్టు ఎంచుకోవలసి వచ్చింది. పిటిషను కొట్టివేయడమైనది.

కోర్టు మెట్ల మీద తవిటన్నకి ఏజెన్సీ నుంచి ఫోను వచ్చింది. డ్యూటీకి రానక్కర్లేదన్నారు. అతను ఫోను జేబులో పెట్టుకుని దాలినాయుడి కాళ్ళ మీద పడబోయాడు. దాలినాయుడు పట్టుకుని ఆపాడు.

“మాలలో ఉండి నువ్వు నా కాళ్ళట్టుకుంతావేటి మావా. లెగు.”

“నీ నోటికాడ కూడు నానే తీసీసినాన్రా.”

“నాకు ఎంగిలెట్టకూడదనుకున్నావు. అంతే కదా.” దాలినాయుడు గోనెసంచి అందుకుని భుజాన వేసుకున్నాడు. “నడు. బట్టీలో ఇంకొక మడిసి కావాలన్నారు.”

ఇద్దరూ ఎండలో నడిచి వెళ్ళిపోయారు. ఒకడికి చెప్పుల్లేవు మొక్కు వల్ల, ఇంకొకడికి మట్టి వల్ల.

నేను బాగున్నాను. ఆ తీర్పు తర్వాత నా మీద నమ్మకం బాగా పెరిగింది. ఇప్పుడు నన్ను మ్యూజియంలో పెట్టలేదు, పాత సామాన్లలో పడెయ్యలేదు. ప్రమోషనిచ్చారు. నాలాంటివి నాలుగు వందలు ఆర్డరు పెట్టారట, డిపోలకే కాదు, ఆఫీసులకి, బడులకి, పరీక్ష హాళ్ళకి. రేపు మీ గుమ్మంలోకి కూడా ఒకటి రావచ్చు. వచ్చినప్పుడు కంగారు పడకండి, మీరెలాంటి వారో వివరించబోకండి, పొద్దున్నించి ఏం తాగారో, ఏం తినలేదో, ఎవరి మీద ఒట్టు వెయ్యగలరో అవేవీ వద్దు. వరసలో నిలబడండి. మీ వంతు వచ్చాక కొంచెం ముందుకి రండి.

మీరేం చెప్పక్కర్లేదు. ఊదండి, చాలు.